జలోదర రోగికి నీటి మాత్రయు, తూకపు యంత్రమును

కాలేయము గట్టిపడిన రోగికి పొట్టలో నీరు చేరుటను జలోదరమందురు. ఆ నీటిని తగ్గించుటకై వైద్యులు మూత్రమును అధికముగా వెడలించు మందుల నిత్తురు. ప్రజలు వీనిని నీటి మాత్రలని పిలుచుచున్నారు. పేరు సాధువుగా నుండుటచేత కాబోలు, పొట్ట త్వరగా తగ్గలేదని మరియొక మాత్ర కలిపి మ్రింగువారును, పాత చీటీ చూపి మందు కొనువారును కలరు. ఈ తొందర ప్రాణాంతకము కావచ్చును.

ఏలయన, మాత్ర పొట్టలోని నీటిని నేరుగా తోడివేయదు. మూత్రపిండములద్వారా ఉప్పును, దానితో నీటిని వెడలించి, మొదట రక్తములోని ద్రవమును తగ్గించును. ఆ లోటును పూరించుటకు పొట్టలోని నీరు మెల్లగా రక్తములోనికి చేరును. అట్లు చేరుటకు హద్దు కలదు. అది దినమునకు సుమారు అర లీటరు. అంతకు మించి లాగినచో మూత్రపిండములు దెబ్బతినును, రోగికి మతి చెదరును.

కావుననే కాళ్లవాపు లేని రోగి బరువు దినమునకు అర కిలోకు, వాపున్న రోగి బరువు ఒక కిలోకు మించి తగ్గరాదు. ప్రతి ఉదయము మూత్రవిసర్జన పిమ్మట, ఆహారమునకు ముందు, ఒకే యంత్రముపై తూగి ఆ అంకెను వ్రాసికొనవలెను.

తూకము చెప్పలేనిదానిని రక్తపరీక్ష చెప్పును. స్పిరోనోలాక్టోన్ రక్తములో పొటాషియమును పెంచును. ఫ్యూరోసెమైడ్ దానిని తగ్గించును. రెండును హృదయమునకు అపాయకరములే. సోడియము, క్రియాటినిన్ కూడ చూడవలెను. ఉప్పునకు బదులుగా అమ్ము పొటాషియపు లవణమును వాడరాదు.

దినమునకు ఉప్పు మొత్తము 5 గ్రాములు మించరాదు. ఆవకాయ, అప్పడములు, ఎండుచేపలు మానక మాత్రలు పెంచుట ఒక చేత తోడుచు మరియొక చేత నింపుటయే. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మ్రింగినచో నీటి మాత్ర శక్తి తగ్గి, మూత్రపిండములు చెడును.

వాంతులు, విరేచనములు, మూత్రము తగ్గుట, కండరముల పట్టు, పగలు మగత, మాట తడబాటు కనిపించినచో ఆనాడే వైద్యుని సంప్రదింపవలెను. ఆయన చెప్పువరకు తరువాతి మాత్ర వేయరాదు. జ్వరముతో పొట్టనొప్పి కలిగినను, రక్తము వాంతియైనను, మలము నల్లగా వెడలినను తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. సుఖముగా నున్నదని తనంతట మందు మానుటయు తగదు; నీరు తిరిగి చేరును.

పేద కుటుంబమునకు పరీక్షల వ్యయము భారమే. కాని చెడిన మూత్రపిండములకు చేయించు చికిత్స అంతకంటె ఎన్నో రెట్లు భారము. ఈ బాధ్యతను రోగిపైననే మోపుట న్యాయము కాదు. చీటీపై మాత్రల సంఖ్యతోపాటు రోగి బరువును, తరువాతి రక్తపరీక్ష తేదీని వైద్యుడు వ్రాయవలెను. వ్రాయనిచో అడిగి వ్రాయించుకొనుట రోగి హక్కు. ఆ రెండును లేని చీటీ సగము వ్రాసిన చీటీయే.