సంపాదకుని మాట: ఉబ్బసము తీవ్రించిన వేళ

కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల నుండి మగ్గమునే నమ్ముకొని భీవండికి వలస వచ్చి, పద్మనగర్ పరిసరములందు స్థిరపడిన మన పద్మశాలి కుటుంబములకు మరమగ్గముల మ్రోత యెంత పరిచితమో, గాలిలో తేలియాడు నూలు ధూళియు నంతే పరిచితము. అది శ్వాసకోశములకు చేయు కీడు మాత్రము తగినంత విదితము కాదు. కావుననే యీ సంచికను ఉబ్బసమునకు కేటాయించితిమి.

ఉబ్బసము తీవ్రించినపుడు శ్వాసనాళములను చుట్టియున్న కండరములు బిగిసికొనును, లోపలి పొర వాచును, చిక్కని కఫము దారి నడ్డగించును. సాల్బ్యుటమాల్ అను పీల్చెడు మందు ఆ కండరములను నిమిషములలో సడలించును గాని వాపును మాన్పజాలదు. అందులకు పీల్చెడు స్టిరాయిడ్ మందును, ఆయాసము లేని దినములందును, వైద్యుడు చెప్పినట్లు మానక వాడవలయును. ఇన్‌హేలరు వ్యసనమగునను భయము నిరాధారము. ఆ భయమును పోగొట్టుటయే రోగికి నేర్పవలసిన తొలి పాఠమని మా దృఢాభిప్రాయము.

అయితే ఆయాసమంతయు ఉబ్బసమే కాదు; వారపు సెలవు పిదప పనిలో చేరిన నాడే ఛాతీ బిగబట్టినట్లుండుట బిసినోసిస్ అను నూలు ధూళి వ్యాధి లక్షణము కావచ్చును గనుక, వైద్యునికి మన వృత్తిని తప్పక తెలుపవలయును.

ఆయాసము హెచ్చిన తోడనే ఉబ్బసరోగిని నిటారుగా కూర్చుండబెట్టి, ఇన్‌హేలరునకు అమర్చు స్పేసరు గొట్టముతో సాల్బ్యుటమాల్‌ను ఒక్కొక్క మోతాదుగా 4 నుండి 10 వరకు పీల్పింపవలయును. 20 నిమిషములకు తగ్గకున్న మరల నిచ్చుచు ఆసుపత్రికి తరలింపవలయును. వాక్యము పూర్తిగా పలుకలేకపోయినను, పెదవులు నీలవర్ణము దాల్చినను, ఏమాత్రము వేచియుండక 108కు ఫోను చేయవలయును.

పాఠకులారా, మీ యింట ఉబ్బసరోగి యున్నచో, ఈ చర్యలను వైద్యునిచే కాగితముపై వ్రాయించి, అందరికిని కనబడునట్లు గోడకు అంటింపుడు.