బొమ్మలు గీసే పిల్లవాడు సోమరి కాడు

పాఠం వినకుండా పుస్తకం అంచున బొమ్మలు గీసే పిల్లవాడికి బడిలో తిట్లు, ఇంట్లో మొట్టికాయలు తప్పడం లేదు. అవే బొమ్మలను వరుసగా గీసి, పేజీలు గబగబా తిప్పి ఎద్దును నడిపించే విద్యార్థి చేస్తున్నది వట్టి కాలక్షేపం కాదని పెద్దలు గుర్తించాలి.

సినిమా తెరపై సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. చేత్తో గీసేవారు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసిసార్లు ఫొటో తీస్తారు. అంటే సెకనుకు 12 బొమ్మలు కావాలి. 100 కాగితాల నోటుపుస్తకంలో కాగితానికొక బొమ్మ చొప్పున గీసినా వచ్చే ఆట ఎనిమిది సెకన్లే. 1908లో ఫ్రాన్సులో ఎమిల్ కోల్ రెండు నిమిషాలైనా నిండని చిత్రానికి దాదాపు 700 బొమ్మలు గీశాడు. ఇంత ఓపిక ఉన్న పిల్లవాణ్ణి సోమరి అనడం న్యాయం కాదు.

ఓపిక ఒక్కటే చాలదు, పరిశీలన కావాలి. నడిచే ఎద్దు వెనుక ఎడమకాలు, ముందు ఎడమకాలు, వెనుక కుడికాలు, ముందు కుడికాలు వరుసగా వేస్తుంది. ఈ వరుస తప్పితే కాగితం మీది ఎద్దు తడబడుతుంది. కింద పడే బంతిని గీస్తే పైన బొమ్మలు దగ్గరదగ్గరగా, నేలకు చేరేకొద్దీ ఎడంఎడంగా ఉండాలి. వేగం ఎలా పెరుగుతుందో చెప్పే భౌతికశాస్త్ర పాఠమే ఇది.

ఖర్చూ పెద్దగా లేదు. పలుచని తెల్ల కాగితాలు, అవి జరగకుండా చెక్కకు కొట్టిన రెండు మేకులు, అద్దం కింద ఒక బల్బు, కదలకుండా నిలబెట్టిన సెల్‌ఫోను ఉంటే పని మొదలవుతుంది.

బొమ్మకు ప్రాణం పోయడం మన ప్రాంతానికి కొత్త కాదు. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మకు కాళ్లు, చేతులు విడివిడిగా చేసి కట్టి, తెర వెనుక దీపం వెలుగులో ఆడించారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. పెద్దయ్యాక సన్మానించే కళను చిన్నప్పుడు శిక్షించడం విడ్డూరం.

చదువు పాడవుతుందన్న తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయలేము. అందుకు మందు బొమ్మలు మాన్పించడం కాదు, వాటికంటూ ఒక వేళ కేటాయించడం. డ్రాయింగు పీరియడును లెక్కల పాఠానికి వాడుకునే అలవాటును పాఠశాలలు మానుకోవాలి. సైన్సు ప్రదర్శనలో నమూనా యంత్రాల పక్కన కదిలే బొమ్మకూ ఒక బల్ల వేయాలి. ఆ కుర్రాడి ఎద్దు నాలుగడుగులు నడిస్తే చూసి ఆనందించేది ఊరివారే.