స్వజనుల ముందు సత్యం పలికిన స్త్రీ

న్యాయం కోసం సాక్షులుగా నిలబడాలని, ఆ సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు ప్రతికూలమైనా వెనుదీయరాదని దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా ఆదేశిస్తుంది. పరుల తప్పును ఎత్తిచూపడం సులభం. తనవారికి నచ్చని మాటను తనవారి ఎదుటే మర్యాద తప్పకుండా పలకడం కష్టం. ఆ కష్టమైన పని చేసిన ఒక సోదరి జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

బేగం షాయిస్తా సుహ్రవర్దీ ఇక్రాముల్లాహ్ 1915లో కలకత్తాలో జన్మించారు. తండ్రి హసన్ సుహ్రవర్దీ వైద్యులు. కలకత్తా విశ్వవిద్యాలయానికి తొలి ముస్లిం ఉపకులపతి. 1933లో మొహమ్మద్ ఇక్రాముల్లాహ్‌తో ఆమెకు నికాహ్ జరిగింది. నికాహ్‌తో చదువు ఆగిపోలేదు. ఉర్దూ నవల, కథానికల వికాసంపై పరిశోధించి, 1940లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. విభజన తరువాత పాకిస్తాన్ తొలి రాజ్యాంగ సభలో ఇద్దరే మహిళలు ఉండేవారు. ఒకరు జహానారా షానవాజ్, మరొకరు షాయిస్తా.

ఆ సభ కరాచీలో సమావేశమయ్యేది. దేశ జనాభాలో సగానికి మించినవారు తూర్పు బెంగాల్‌లో ఉండేవారు. 1948 ఫిబ్రవరిలో షాయిస్తా లేచి, సభ ఢాకాలో కూడా సమావేశం కావాలని కోరారు. తమను నిర్లక్ష్యం చేస్తున్నారన్న బాధ తూర్పు ప్రాంత ప్రజల్లో పెరుగుతోందని హెచ్చరించారు. ఆమె స్వపక్షమే అధికారంలో ఉన్నా ఆ కోరిక నెగ్గలేదు. 23 ఏళ్ల తరువాత ఆ ప్రాంతం వేరే దేశమైంది.

అదే ఏడాది ఆమె పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాలకు ప్రతినిధిగా వెళ్లారు. అక్కడ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాపై చర్చ సాగుతోంది. వివాహానికి సంబంధించిన అధికరణంలో యుక్తవయస్సు అన్న మాటకు బదులు, ఆయా దేశాల చట్టం నిర్ణయించిన వయస్సు అని ఉండాలని సౌదీ అరేబియా ప్రతిపాదించింది. షాయిస్తా మూల పాఠాన్నే సమర్థించారు. బాల్యవివాహాలను, ఇష్టం లేని పెళ్లిళ్లను అరికట్టడం, విడాకుల తరువాత స్త్రీకి, ఆమె ఆస్తికి రక్షణ కల్పించడం దాని ఉద్దేశమని వివరించారు. 1948 డిసెంబరు 10న ఆ ప్రకటన 48 దేశాల ఓట్లతో ఆమోదం పొందింది. వాటిలో పాకిస్తాన్ ఒకటి. తరువాత 1964 నుండి 1967 వరకు ఆమె మొరాకోలో తమ దేశ రాయబారిగా పనిచేశారు. 2000 డిసెంబరులో కరాచీలో కన్నుమూశారు.

ఆమె పర్దాను విడిచి ప్రజాజీవితంలోకి వచ్చారు. ఆ విషయంలో పాఠకులలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. అయితే వివాహం గురించి ఆమె పారిస్‌లో చెప్పిన మాట మన ధర్మానికి కొత్తది కాదు. ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) నికాహ్‌ను ఆమె తండ్రి ఆమెకు ఇష్టం లేకుండా జరిపించగా, దైవప్రవక్త (స) దానిని రద్దు చేశారని సహీహ్ బుఖారీలో ఉంది. మహర్ వధువు సొత్తు. వారసత్వంలో స్త్రీ వాటాను అల్లాహ్‌యే నిర్ణయించాడు. షరీఅత్ ఇచ్చిన హక్కును ఆచారం పేరిట మనమే లాక్కుంటే, దాన్ని గుర్తుచేసినవారిపై కోపగించడం న్యాయమా?

కన్య మౌనమే అంగీకారమని హదీసు చెబుతుంది, నిజమే. అది సిగ్గుతో కూడిన మౌనం. భయం నోరు మూయించిన మౌనం అంగీకారం కాజాలదు. కనుక తల్లిదండ్రులారా! సంబంధం ఖాయం చేసే ముందే, బంధువులెవరూ లేని వేళ అమ్మాయిని కూర్చోబెట్టి, కాదనే స్వేచ్ఛ ఆమెకు ఉందని స్పష్టంగా చెప్పి, ఆపై అడగండి. ఆమె కాదంటే అక్కడితో ఆగండి. స్వజనుల ముందు సత్యం పలికే ధైర్యం మన ఆడబిడ్డలకు కలగాలంటే, ఆ మాటను ఓర్పుతో వినే అలవాటు ముందుగా మన ఇళ్లలో ఏర్పడాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.