దీపం ఆరినంత మాత్రాన దోషం పోదు

లారీ డ్రైవరు ఎదుట, వేగమానినికి సమీపంలో, పసుపుపచ్చని చిన్న దీపమొకటి ఉంటుంది. తాళం తిప్పగానే వెలిగి, కొద్ది క్షణాలలో ఆరిపోతే క్షేమం. బండి కదిలి కొంత దూరం సాగినా ఆరకపోతే, చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఎ.బి.ఎస్. బ్రేకు వ్యవస్థలో ఏదో లోపం కలిగిందని భావించాలి. ఆ లోపమేదో చెప్పగల శక్తి కూడా ఆ దీపానికే ఉన్నది. దాని భాష నేర్వడం కష్టం కాదు. నేర్చిన పిమ్మట, అది చెప్పే మాటను చివరిదాకా ఆలకించే ఓర్పు మాత్రం అరుదు.

తడిసిన రహదారిపై బరువైన వాహనానికి గట్టిగా బ్రేకు వేస్తే, చక్రం తిరగడం మాని జారడం మొదలుపెడుతుంది. ముందు చక్రాలు జారితే స్టీరింగు ఎటు తిప్పినా ఫలితముండదు. వెనుక ట్రెయిలరు తగిలించి ఉంటే బండి మధ్యకు మడతపడిపోయే ప్రమాదమున్నది. దీని నివారణకై చక్రపు హబ్బుకు ఒక పళ్ళ వలయాన్ని, దాని కెదురుగా ఒక సెన్సరును అమరుస్తారు. లారీలలో సాధారణంగా ఈ వలయానికి 100 పళ్ళుంటాయి. ఒక్కొక్క పన్ను దాటినప్పుడల్లా సెన్సరులో ఒక విద్యుత్ స్పందన కలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో లారీ చక్రం సెకనుకు సుమారు 5 సార్లు తిరుగుతుంది; అనగా 500 స్పందనలు. ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి వీటిని నిరంతరం లెక్కిస్తూ, ఏ చక్రపు లెక్క హఠాత్తుగా పడిపోతే ఆ చక్రపు బ్రేకులోని గాలిని లిప్తపాటు వదలి, మరల నింపుతుంది.

అమెరికాలో ట్రెయిలర్లను లాగే లారీలకు 1997 మార్చి 1 నుండి, ట్రెయిలర్లకు 1998 మార్చి 1 నుండి ఈ ఏర్పాటు నిర్బంధమైంది. భారతదేశంలో 2015లో భారీ వాణిజ్య వాహనాలకు నిర్బంధం చేశారు.

దీపపు భాష ఎట్లా ఉంటుందో తెలియడానికి, అమెరికా లారీలకు అమర్చిన మెరిటార్ వాబ్కో వారి 'ఇ' తరహా పెట్టెను ఉదాహరణగా తీసుకోవచ్చు. తాళం తిప్పి, పరీక్ష మీటను ఒక సెకను నొక్కి వదలితే, దీపం రెండు విడతలుగా మిణుకుమంటుంది. మొదటి విడత లోపమెట్టిదో, రెండవ విడత అది ఏ చక్రం వద్దనో తెలుపుతుంది. మొదటి అంకె 2 అయితే గాలిని వదిలే వాల్వులో లోపం. 3 అయితే సెన్సరుకూ పళ్ళ వలయానికీ నడుమ సందు హెచ్చింది. 4 అయితే సెన్సరు తీగ తెగింది, లేదా షార్ట్ అయింది. రెండవ అంకె 4 అయితే వెనుక ఎడమ చక్రం. కొత్త వాహనాలలో తొమ్మిది పిన్నుల ప్లగ్గుకు కంప్యూటరును తగిలించి ఇట్టి సంగతులే చదువుతారు. జె1939 అనే ప్రమాణంలో 789 అంటే ముందు ఇరుసు ఎడమ చక్రపు సెన్సరు. దాని వెంట 5 వస్తే ఆ తీగలో ప్రవాహం తగ్గింది, లేదా తీగ తెగింది.

ఇక చెరపడం. 'ఇ' తరహాలో అదే మీటను మూడు సెకన్లకు పైగా నొక్కి ఉంచాలి. దీపం గబగబా 8 సార్లు మిణుకుమంటే, పెట్టె జ్ఞాపకంలోని లోపాలు చెరిగినట్లే. అలా మిణుకుమనకపోతే లోపమింకా సజీవంగా ఉన్నదని అర్థం. ఎంతసేపు నొక్కినా అది చెరగదు.

చిక్కంతా ఇక్కడే పుడుతుంది. 3, 4 అని దీపం చెప్పిందనుకుందాం. మెకానిక్ బండి కిందికి దూరి, వెనుకకు జరిగిన సెన్సరును చేతితో వలయానికి తగిలేదాకా నెట్టి, జ్ఞాపకం చెరిపి పంపుతాడు. దీపం ఆరిపోతుంది. యజమానికి తృప్తి, డ్రైవరుకు నిశ్చింత. కాని ఆ సెన్సరు వెనుకకు ఎందుకు జరిగింది? తరచుగా చక్రపు బేరింగు సడలి, హబ్బు అటూ ఇటూ ఆడుతూ, దానిని నెట్టివేస్తుంది. కొన్నాళ్ళకు దీపం మళ్ళీ వెలుగుతుంది. ఈలోగా బేరింగు మరింత అరుగుతుంది. దీపం సందు గురించి చెప్పినా, అసలు అపాయం చక్రానిది. ఉపేక్షిస్తే చక్రమే ఊడిపోవచ్చు.

కావున క్రమం ముఖ్యం. ముందు అంకెలను కాగితంపై వ్రాసుకోవాలి. చెరిపిన పిమ్మట అవి తిరిగి దొరకవు. అప్పుడప్పుడు కలిగి మాయమయ్యే లోపానికి, ఉదాహరణకు ఒరుసుకుపోయిన తీగకు, తుప్పుపట్టిన ప్లగ్గుకు, ఆ అంకెలే సాక్ష్యం. ఆపైన చక్రాన్ని జాకీపై లేపి, బేరింగు ఆడుతున్నదేమో చూడాలి. మల్టీమీటరుతో సెన్సరు నిరోధం కొలిస్తే, ఈ తరహాలో 900 నుండి 2000 ఓములు చూపాలి. చక్రాన్ని రెండు సెకన్లకొక చుట్టు చొప్పున చేతితో తిప్పితే కనీసం 0.2 వోల్టు ఏసీ రావాలి. మరమ్మతు ముగిసిన తరువాతనే చెరపాలి. అటుపై బండి నడిపి చూడాలి. సెన్సరు లోపం తీరినదీ లేనిదీ చక్రం తిరిగినప్పుడే పెట్టెకు తెలుస్తుంది.

ఎ.బి.ఎస్. పనిచేయకున్నా మామూలు బ్రేకులు పడుతూనే ఉంటాయి. పొడి రోడ్డుపై డ్రైవరుకు ఏ తేడా కనిపించదు. తేడా తెలిసే రోజు తొలకరి జల్లు పడి రోడ్డు నునుపుదేరిన రోజు. ఎదుట ఎవరో హఠాత్తుగా ఆగిన రోజు. ఆనాడు ఉపయోగపడేది ఆరిన దీపం కాదు, బాగుపడిన చక్రం.