లెక్కాపత్రం: పాత కార్డు, కొత్త సంతకం

పోయిన కార్తీక మాసంలో మన సంఘం వనభోజనాలప్పుడు, భోజనాలయ్యాక అందరం ఉసిరిచెట్టు నీడకు చేరాం. అక్కడ ఒక బాబాయిగారు నన్ను పట్టుకున్నారు.

"ఏమోయ్, ఫ్లూ టీకా ఏటేటా మారుస్తారట. కోవిడ్ టీకా కూడా మార్చాలంటున్నారు. పాతది పనిచేస్తుంటే మార్చడం దేనికి? పనిచేయకపోతే మనకెందుకు పొడిచినట్టు? మీ పిన్నికి ఉబ్బసం. డాక్టరు ఫ్లూ టీకా వేయించమంటున్నాడు. నాకేమో ఇదంతా వ్యాపారమనిపిస్తోంది" అన్నారు.

నేను చదివింది బి.కాం. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తరవాత తెలిసినవారిని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి, నాకు వచ్చిన బ్యాంకు భాషలోనే రాస్తున్నాను.

ఖాతా తెరిచేటప్పుడు మేము నమూనా సంతకం తీసుకుంటాం. పూర్వం కార్డు మీద ఉండేది, ఇప్పుడు కంప్యూటర్లో ఉంటోంది. టీకా కూడా అటువంటి నమూనాయే. వైరస్ పైపొర ఎలా ఉంటుందో ఒంటికి ముందుగా చూపించి పెడుతుంది. తేడా ఒక్కటే. బ్యాంకులో సంతకం కలిస్తే సొమ్మిస్తాం, ఒంట్లో కలిస్తే తన్ని తరుముతారు!

కొందరు ఖాతాదారుల సంతకం ముప్పయ్యేళ్ళు గడిచినా మారదు. తట్టు వైరస్ ఆ కోవలోది. 1954లో అమెరికాలో ఒక బడిపిల్లవాడి నుంచి తీసిన వైరసే నేటికీ లోకంలోని తట్టు టీకాల్లో చాలావాటికి మూలం. దాన్ని మార్చవలసిన అవసరం రాలేదు.

ఫ్లూ సంగతి వేరు. అది సంతకం మారుస్తూనే ఉంటుంది. 1947లో అమెరికాలో అప్పటి ఫ్లూ టీకా దాదాపుగా పనిచేయలేదు. కారణం, వైరస్ మారిపోయింది, టీకా మారలేదు. ఈ మార్పుల మీద కన్నేసి ఉంచడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో దేశదేశాల ప్రయోగశాలలను ఒక వరుసలోకి తెచ్చింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కూడా అందులో ఉంది. ఆ సమాచారం చూసి నిపుణులు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతారు.

చేర్చడమే కాదు, తీసేయడమూ ఉంది. ఫ్లూలో 'బి యమగాటా' అనే రకం 2020 మార్చి తరవాత ఎక్కడా కనబడలేదు. అందుచేత టీకాలో అది ఇక అక్కరలేదని 2023 సెప్టెంబరులో తేల్చారు. లావాదేవీలు లేని ఖాతాను మూసేసినట్టన్నమాట. ఒట్టి వ్యాపారమే అయితే ఉన్న సరుకును తగ్గిస్తారా, బాబాయిగారూ?

అలాగని మార్చిన ప్రతిసారీ గురి కుదురుతుందనీ కాదు. రకం నిర్ణయించాక టీకా తయారై రావడానికి ఆరు నెలలదాకా పడుతుంది. ఈలోగా వైరస్ మరో అడుగు వేయవచ్చు. 2014-15 చలికాలంలో అమెరికాలో అదే జరిగి, ఆ ఏటి టీకా సామర్థ్యం 19 శాతం దగ్గరే ఆగిపోయింది.

మరి పాత టీకా దండగేనా? కాదు. మా పాత క్యాషియర్లు కొందరు సంతకం చూడకముందే మనిషి నడకను బట్టి పోల్చేవారు. ఒంట్లోనూ అటువంటి కణాలున్నాయి. వైరస్‌లో అంతగా మారని భాగాలను అవి గుర్తుపడతాయి. జబ్బు రాకుండా ఆపలేకపోయినా, ముదరకుండా చూస్తాయి. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, కొత్త కోవిడ్ టీకాల్లో మొదటి రకం వైరస్ ఇక వద్దన్నారు. అప్పటికి వాడుకలో ఉన్న టీకాలు తీవ్రమైన జబ్బు నుంచి బాగానే కాపాడుతున్నాయనీ ఆ నోటితోనే చెప్పారు. రెండూ నిజమే.

ఈ ముక్క నాకు తెలియక చేసిన పొరపాటు ఒకటుంది. 2022 జూలైలో పెద్దలందరికీ మూడో డోసు ఉచితంగా వేస్తున్నారు. మా అమ్మకప్పుడు డెబ్భై తొమ్మిది. విదేశాల్లో ఒమిక్రాన్‌కు సరిపడే కొత్త టీకా వస్తోందని పేపర్లో చదివి, "తొందరేముందమ్మా, కొత్తదే వేయిద్దాం" అన్నాను. నేను చదువుకున్నవాణ్ణని ఆవిడ ఎదురు మాట్లాడలేదు. అక్టోబరులో కోవిడ్ వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. మూడో డోసు పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఇంటికైతే వచ్చింది గాని, మేడ మీది తులసికోట దగ్గరకు మళ్ళీ ఎక్కలేదు. కోటను కిందికి దింపించాను. ఒమిక్రాన్ కోసమని చేసిన టీకాకు మన దేశంలో అనుమతి వచ్చింది 2023 జూన్‌లో.

కనుక నాకు తేలిన లెక్క ఇది. వైరస్ మారితే టీకా మార్చవలసిందే. అది శాస్త్రజ్ఞుల పని. మార్చేదాకా చేతిలో ఉన్నదాన్ని వద్దనకపోవడం మన పని. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు.

ఇప్పుడు అమ్మకు ఏటా ఫ్లూ టీకా వేయిస్తున్నాను. డబ్బా మీద ఏ ఏటి కూర్పో రాసి ఉంటుంది, అది చూసి మరీ వేయించండి. వేయాలా వద్దా అన్నది మీ డాక్టరుగారు చెప్పాలి, బ్యాంకు ఆఫీసరు కాదు.

బాబాయిగారూ, మిగతా వాదన వచ్చే కార్తీకంలో తీరిగ్గా చేసుకుందాం. ముందు పిన్నిగారిని డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి.