నడుములోతు నీళ్లు, గొంతుదాకా భయం

పులికాట్ సరస్సు చూడ్డానికి సముద్రమంత ఉంటుంది. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు మాత్రం చాలాచోట్ల నడుము దాటదు. వేసవిలో కొన్నిచోట్ల నీళ్లింకి మట్టే మిగులుతుంది.

ఇవన్నీ నాకు తెలుసు. తడ దగ్గర భీములవారిపాలెం రేవులో ఇరకం దీవికి పడవ ఎక్కాలంటే మాత్రం అరచేతులు తడిసిపోతాయి.

అలాగని భయం మొత్తం ఉత్తిదే అనను. 2011 డిసెంబర్ 25న ఇదే సరస్సులో, తమిళనాడు వైపు పడవ బోల్తాపడి 22 మంది పోయారు. లైఫ్ జాకెట్ అడగడం బుద్ధిమంతుల లక్షణం. జాకెట్ వేసుకుని, ఒడ్డున కట్టేసిన పడవను చూసి వణకడం మాత్రం ఫోబియా. మీకది బల్లో, లిఫ్టో, ఇంజెక్షనో అయ్యుండొచ్చు.

తెలిసినా ఎందుకు పోదు? మెదడులో బాదంగింజంత అమిగ్డలా ఉంటుంది. మనం ఆలోచించడం పూర్తయ్యేలోపే అది ఒంటికి అలారం కొట్టేస్తుంది. దానికి గూగుల్ చేసి చూపిస్తే వినదు.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. మా పెద్దమ్మ ఇరకంలో ఉంటుంది. మోకాళ్లనొప్పులతో ఇప్పుడు ఆమె ఇవతలికి రాలేదు. రమ్మని ఫోన్ చేసినప్పుడల్లా 'ఆఫీసులో రిలీజ్ ఉంది పెద్దమ్మా' అంటాను. ఫోన్ పెట్టగానే హాయిగా ఉంటుంది చూడండీ, భయానికి మేత ఆ హాయే. 'పడవ ఎక్కలేదు, అందుకే బతికిపోయాం' అని మెదడు రాసుకుంటుంది. ఎక్కినా ఏమీ కాదన్న సాక్ష్యం దానికి ఎప్పటికీ అందదు. మౌరర్ అనే అమెరికా సైకాలజిస్టు 1947లోనే ఈ సంగతి చెప్పాడు: భయం పుట్టేది ఒక దారిలో, నిలిచేది తప్పించుకోవడంతో.

కాబట్టి సాక్ష్యం చేతికివ్వాలి, అదీ కొంచెం కొంచెంగా. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును రోజురోజుకీ దగ్గరికి జరిపింది. చివరికి వాడే దాన్ని ముట్టుకున్నాడు. భయం జీవితాన్నే ఆపేస్తుంటే సైకాలజిస్టులు ఇదే పని పద్ధతిగా చేయిస్తారు.

మన భాషలో చెప్పాలంటే, పాత కోడ్ డిలీట్ కాదు. దాని పక్కన కొత్తది రాసుకోవాలి, పదేపదే రన్ చేయాలి. కొన్నాళ్లు వదిలేస్తే పాతదే మళ్లీ లేస్తుంది. ఆరిపోయిందనుకున్న స్పందన కొంత విరామం తర్వాత తిరిగి రావడం పావ్‌లోవ్ తన కుక్కల్లోనే చూశాడు.

నేను పోయిన నెల నుంచి ఆదివారాలు రేవుకు వెళ్లి, కట్టేసిన పడవలో పది నిమిషాలు కూర్చుంటున్నా. మూడో వారం, వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన తలెత్తి, "ఏం నాయనా, పడవ కొనేదానికి వచ్చినావా?" అన్నాడు. వచ్చే ఆదివారం ఆయన పడవలోనే ఒడ్డు వెంబడి చిన్న చుట్టు.

పెద్దమ్మకు ఇంకా చెప్పలేదు. చెబితే ఇప్పట్నుంచే చేపల పులుసు పెట్టుకుని కూర్చుంటుంది.