వడపోతతోనే రద్దీ తగ్గదు

ఛాతీ నొప్పితో ఆసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తినవారికి, అది గుండెపోటు కాదు, గ్యాస్ నొప్పేనని తేలవచ్చు. అంతమాత్రాన వారు అనవసరంగా వచ్చారనలేం. ఈసీజీ తీశాక తెలిసే సంగతి ఇంటి దగ్గర తెలియదు. ఆ సందేహాన్ని ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ముందే తీర్చగలిగితే రద్దీ తగ్గుతుందన్నది డిజిటల్ ట్రయాజ్ (ఎవరికి వైద్యం ఎంత అత్యవసరమో ముందే వడపోసే పద్ధతి) మీద పెట్టుకున్న ఆశ. ఇంగ్లాండ్ ఈ ఆశను దేశవ్యాప్తంగా పరీక్షించింది.

అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ 1998లో నర్సులు సలహా చెప్పే ఫోన్ సేవను మొదలుపెట్టింది. దాని స్థానంలో తెచ్చిన 111 నంబరును 2010లో కొన్నిచోట్ల ప్రయోగించి, 2013లో దేశమంతటికీ విస్తరించింది. ఫోన్ ఎత్తేది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన సిబ్బంది. కంప్యూటర్ చూపే ప్రశ్నలను వరుసగా అడుగుతారు. ప్రాణాపాయం లేదని నిర్ధారించుకున్నాకే చిన్న సమస్యల జోలికి వెళ్తారు. అంబులెన్స్ పంపాలా, కుటుంబ వైద్యుణ్ని కలవాలా, ఇంట్లో జాగ్రత్తలు సరిపోతాయా అన్నది చివర్లో తేలుతుంది. 2017లో ఇది ఆన్‌లైన్‌లోకీ వచ్చింది.

111ను తొలుత ప్రయోగించిన నాలుగు ప్రాంతాలను షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశీలిస్తే, మొదటి ఏడాది అత్యవసర విభాగాలకు రోగుల రాక చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంబులెన్సులు వెళ్లాల్సిన సందర్భాలు మాత్రం దాదాపు 3 శాతం పెరిగాయి. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం లక్షణాలు చెబితే ఏం చేయాలో సూచించే ఇలాంటి 23 ఆన్‌లైన్ సాధనాలకు 45 కేసులు ఇచ్చి చూసింది. అత్యవసర కేసుల్లో 80 శాతం సందర్భాల్లో సరైన సలహా వచ్చింది. ఇంట్లోనే తగ్గిపోయే జబ్బుల్లో అది 33 శాతమే. అంటే రద్దీ తగ్గాలంటే ఎవరిని ఇంటికి పంపాలో, వారి విషయంలోనే ఈ సాధనాలు ఎక్కువగా తడబడుతున్నాయి.

ఇది సాంకేతిక లోపం మాత్రమే కాదు. రోగిని చూడకుండా, నాడి పట్టకుండా చెప్పే సలహా భద్రత వైపే మొగ్గాలి. అనుమానం ఉంటే ఆసుపత్రికి పంపడమే ధర్మం. ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణాంతకమయ్యే సెప్సిస్ కేసు ఒక్కటి తప్పిపోయినా ప్రాణం పోవచ్చు. పైగా, రేపు కుటుంబ వైద్యుణ్ని కలవండన్న సలహా, రేపు అపాయింట్‌మెంట్ దొరికితేనే పనికొస్తుంది. దొరకకపోతే రాత్రంతా తెరిచి ఉండే అత్యవసర విభాగమే దిక్కు. అందుకే తర్వాత ఇంగ్లాండ్ 111 సేవలో నర్సులు, డాక్టర్లతో మాట్లాడే ఏర్పాటును పెంచింది.

108, 104 సేవలకు అలవాటుపడిన తెలుగు రాష్ట్రాలకూ ఈ అనుభవం పనికొస్తుంది. యాప్ తయారు చేయడం సులువు. అది సూచించిన చోట డాక్టరు, మందులు, పడక ఉండేలా చూడటమే కష్టం. చదవడం రానివారికి మనిషి గొంతు వినిపించే దారి కూడా ఉండాలి. ఎంతమందిని ఆసుపత్రికి రాకుండా ఆపామన్నది విజయానికి కొలమానం కాకూడదు. సలహా విన్నవారిలో ఎంతమందికి సకాలంలో సరైన చోట వైద్యం అందిందన్నదే లెక్క. ఆ లెక్కను ప్రభుత్వాలు తొలిరోజు నుంచే ప్రజల ముందు పెట్టాలి.